కేర్ హోమ్‌లో చేరాక నాన్నగారు లేచి నిలబడలేకపోతున్నారు. ఇది వయసేనా?

నీలిగాలి (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 84 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో చూసుకోవడం కుదరక కేర్ హోమ్‌లో చేర్పించాం. చేరేనాటికి వాకర్ పట్టుకుని బాత్‌రూమ్‌కి తనే వెళ్లేవారు, చొక్కా తనే వేసుకునేవారు. ఇప్పుడు వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. మంచం మీంచి లేపాలంటే ఇద్దరు కావాలి. పక్షవాతం ఏమీ రాలేదు, కొత్త జబ్బేమీ కనిపించలేదని డాక్టరుగారు అన్నారు. మేనేజర్‌ని అడిగితే "వయసు కదండీ, మెల్లమెల్లగా ఇలాగే అవుతుంది" అంటున్నారు.

అక్కడ మనుషులు మంచివాళ్లే. శుభ్రంగా ఉంచుతారు, టైముకి అన్నీ పెడతారు. అందుకే గట్టిగా అడగాలంటే మొహమాటంగా ఉంది. నా ప్రశ్న ఒక్కటే: ఈ వయసులో పోయిన బలం మళ్లీ వస్తుందా? వస్తుందంటే నేను వాళ్లని ఏం అడగాలి?

పెద్దకోడలు

మా అత్తగారిదీ ఇదే కథ. చేరిన కొత్తలో జడ తనే వేసుకునేది. "మీకెందుకమ్మా శ్రమ, మేమేస్తాం" అని వాళ్లే వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు చెయ్యి తలదాకా లేవడం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు చెబితే నేనూ వింటాను.

కండరబలం (ఫిజియోథెరపిస్ట్)

నీలిగాలి గారూ, ముందు ఒకటి తేల్చుకోండి. ఈ మార్పు కొన్ని రోజుల్లో గబుక్కున వచ్చిందా, నెలల మీద నెమ్మదిగా వచ్చిందా? గబుక్కున వస్తే అది వ్యాయామంతో పోయేది కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, బీపీ మందు డోసు పెరగడం, ఆపరేషన్ అయిన చోట నొప్పి, ఇలాంటివి డాక్టరుగారు మళ్లీ చూడాలి. మందుల చీటీ మొత్తం ఒకసారి ముందు పెట్టి "వీటిలో ఏది తగ్గించవచ్చు?" అని అడగండి. చాలాసార్లు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నెమ్మదిగా వచ్చిందంటే మాత్రం వయసు కన్నా వాడకపోవడం మీదే నాకు ఎక్కువ అనుమానం. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లోనే కాళ్ల నుంచి దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. వాళ్లకి ఏ జబ్బూ లేదు, ఉత్తినే పడుకున్నారంతే. ఇక తుంటి ఆపరేషన్ అయిన 84 ఏళ్ల మనిషి రోజంతా కుర్చీలో ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

మళ్లీ వస్తుందా అంటే, వస్తుంది. పోయినదంతా వస్తుందని చెప్పను. మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు 1990లో బోస్టన్‌లోని ఒక దీర్ఘకాల సంరక్షణ కేంద్రంలో సగటు వయసు 90 ఏళ్లున్న 10 మందితో బరువులెత్తించారు. చేతులూపడం, బంతి విసరడం లాంటి తేలిక కసరత్తు కాదండోయ్. మనిషి ఒక్కసారి మాత్రమే ఎత్తగల బరువు ఎంతో చూసి, అందులో 80 శాతం దాకా తీసుకెళ్లారు. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు. తొడ ముందు కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. స్కాన్‌లో తొడ మధ్యభాగం కండ కూడా 9 శాతం పెరిగినట్టు కనబడింది.

లెక్కలమాస్టారు

ఫిజియో గారూ, 174 శాతం అంటే వినడానికి బాగుంటుంది. మొదట ఎంత ఉందో చెప్పకుండా శాతం చెబితే ఎలా? రెండు కిలోలు ఎత్తేవాడు ఐదున్నర ఎత్తినా 175 శాతమే పెరిగినట్టు. పైగా పదిమందితో చేసింది, పోల్చడానికి పక్కన మరో గుంపు లేదు.

ఇంకోటి. బ్రిటన్‌లో 78 కేర్ హోమ్‌లతో ఓపెరా అని పెద్ద ట్రయల్ చేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. వారానికి రెండుసార్లు గ్రూపు వ్యాయామం పెట్టారు. ఆశించిన లాభం రాలేదు. ఆశ పెట్టడం తేలికేనండీ. మా అన్నయ్య విషయంలో అలాంటి ఆశలు చాలా విన్నాను కాబట్టి అడుగుతున్నాను.

కండరబలం

మాస్టారూ, న్యాయమైన ప్రశ్న. శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని చూద్దాం. ఆ పదిమందిలో ఇద్దరు చివరికి చేతికర్ర వదిలేశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేవగలిగారు. అంటే ఇద్దరు లేవలేదు. అదీ చెప్పాల్సిందే.

పదిమంది చాలరని వాళ్లకీ తెలుసు. అందుకే 1994లో 100 మందితో మళ్లీ చేశారు, ఈసారి పోల్చి చూసే గుంపులు కూడా పెట్టి. సగటు వయసు 87. వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది, చేయనివాళ్లది ఎక్కడిదక్కడే. నడక వేగం దాదాపు 12 శాతం, మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగాయి. గమనించారా, బలం పెరిగినంతగా నడక పెరగలేదు. మీ అనుమానంలో నిజం అక్కడుంది.

ఓపెరా సంగతికొస్తే, వాళ్లు ప్రధానంగా కొలిచింది మానసిక కుంగుబాటు. అది తగ్గలేదు. దాన్నుంచి నేను నేర్చుకున్నది, అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి ఒకే కసరత్తు చేయిస్తే సరిపోదని. ఆస్ట్రేలియాలో సన్‌బీమ్ అని మరో ట్రయల్ జరిగింది, 2018లో ప్రచురించారు. 16 సంరక్షణ కేంద్రాలు, 221 మంది. ఒక్కొక్కరికీ విడిగా బరువు నిర్ణయించి, క్రమంగా పెంచుతూ, దాంతోపాటు నిలకడ కోసం వేరే సాధన పెట్టారు. 25 వారాల్లో మొత్తం 50 గంటలు. ఆ తర్వాత తక్కువ మోతాదులో కొనసాగించారు. పడిపోవడాలు సగానికి పైగా తగ్గాయి. వ్యాయామం పేరు ఒకటే అయినా మోతాదు వేరు, మనిషిని చూసి చేయించడం వేరు.

రాత్రిడ్యూటీ (కేర్ హోమ్ నర్సు)

చదువుతూ ఉన్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. 50 గంటల ట్రైనింగ్ ఎవరు ఇస్తారండీ? పొద్దున్న షిఫ్టులో ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది ఉంటారో ఎప్పుడైనా వచ్చి చూడండి. ఒక పెద్దాయన తన చొక్కా తనే వేసుకుంటే పావుగంట, నేను వేస్తే మూడు నిమిషాలు. పక్క గదిలో ఇంకొకరు తడిసి పడుకుని ఉంటారు. నేనేం చేయాలి?

ఇంకో సంగతి కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా దగ్గర ఒకాయన నడుస్తూ పడిపోతే ఫారం నింపాలి, ఇంటికి ఫోన్ చేయాలి, సంజాయిషీ ఇవ్వాలి. ఆయన నెల రోజులు కుర్చీలోంచి కదలకపోతే ఒక్కరూ అడగరు. "మా అమ్మని జాగ్రత్తగా కూర్చోబెట్టండి, నడిపించకండి" అని చెప్పి వెళ్లేది ఇంటివాళ్లే. మరి మేం దేనికి భయపడతాం?

పెద్దకోడలు

రాత్రిడ్యూటీ గారూ, కోపం ఎందుకండీ, ఉన్నమాటే కదా. మా ఇంట్లో కూడా మా ఆడపడుచు అదే చెప్పి వచ్చింది, "పడితే ఊరుకోం" అని.

కండరబలం

రాత్రిడ్యూటీ గారు చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. దానికి ఒక దారి ఉంది. జాన్ ష్నెల్ అనే పరిశోధకుడూ ఆయన బృందమూ అమెరికా నర్సింగ్ హోమ్‌లలో వ్యాయామానికి వేరే గంట వెతకలేదు. బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం ఎలాగూ ఉంటుంది కదా, ఆ వెళ్లినప్పుడే కొన్నిసార్లు కూర్చోబెట్టి లేపడం, కాస్త దూరం నడిపించడం కలిపారు. పగటిపూట రెండేసి గంటలకోసారి. బలం, ఓర్పు నిలిచాయి, మూత్రం ఆపుకోలేకపోవడం కూడా తగ్గింది. అయితే దానికీ సిబ్బంది సమయం మామూలు కన్నా ఎక్కువే పట్టింది. ఉచితంగా ఏదీ రాదు.

బార్బరా రెస్నిక్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి పనిచేస్తున్నదీ దీని మీదే: పని మనమే చేసిపెట్టకుండా, వాళ్లు చేయగలిగిన ముక్క వాళ్లచేతే చేయించడం. చొక్కా మొత్తం వేసుకోనక్కర్లేదు. చేతులు దూర్చడం మనం చేసి, గుండీలు ఆయనకి వదిలేయొచ్చు. ఆయన గుండీలు పెట్టుకుంటుంటే మీరు పక్క సర్దుతారు.

గది12

మీరంతా మాట్లాడుతున్నది మా గురించే కాబట్టి నేనూ ఒక మాట చెప్పవచ్చా? నాకు 79. హోమ్‌లోనే ఉంటాను. మనవరాలు ఈ ఫోన్ నేర్పింది.

ముందు ఆ కుర్చీల గురించి ఎవరైనా మాట్లాడండర్రా. హాల్లో మెత్తటి సోఫాలు వేశారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కూర్చుంటే మోకాళ్లు నడుముకన్నా పైకి వస్తాయి. పాతికేళ్ల పిల్ల కూడా అందులోంచి చెయ్యి ఆనించకుండా లేవలేదు. మేం లేవలేకపోతే మాత్రం "పాపం బలం తగ్గిపోయింది" అని రాసుకుంటారు. నేను గొడవపెట్టి ఎత్తు కుర్చీ, చేతులున్నది తెప్పించుకున్నాను. ఆ రోజు నుంచి ఎవర్నీ పిలవకుండా లేస్తున్నాను.

రెండోది, అసలు లేచి ఎక్కడికి వెళ్లాలి? పేపరు గదికే వస్తుంది, భోజనం గదికే వస్తుంది, మందులు గదికే వస్తాయి. నడవండి నడవండి అంటారు. వరండాలో గోడ దాకా వెళ్లి వెనక్కి రావడానికి నాకేమైనా పిచ్చా? ఇప్పుడు పేపరు నా గదికి వేయొద్దని చెప్పాను. హాల్లో చదువుకుంటాను. అక్కడ నాతో వాదించే ఆవిడ ఒకరున్నారు, ఆవిడ కోసమైనా వెళతాను.

జోళ్లు కూడా చూడండి. వేళ్ల మధ్య పట్టీ ఉండి మడమ వదులుగా ఉండేవి వేసుకుంటే అడుగు ఎత్తబుద్ధి కాదు, ఈడ్చుకుంటూ నడుస్తాం.

నీలిగాలి

అమ్మా, మీరు రాసింది చదివి వెంటనే నాన్నగారి కుర్చీ ఫొటో తీసి పంపమని చెల్లికి చెప్పాను. మీరన్నట్టే ఉంది! కుర్చీలో దిగబడిపోయి కూర్చున్నారు.

కండరబలం

గది12 అమ్మగారికి నమస్కారం. మీరు చెప్పింది మేం పరీక్షల్లో కూడా పాటిస్తాం. కుర్చీలోంచి లేచే పరీక్షకి దాదాపు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీ వాడతాం. ఎత్తు మారితే ఫలితమే మారిపోతుంది.

సముద్రఘోష

పరీక్షలంటే ఏమిటండీ? మా నాన్నగారి ఫైల్లో "కదలిక: పర్వాలేదు" అని ఉంది. పర్వాలేదంటే ఏం అర్థం చేసుకోవాలి?

కండరబలం

"పర్వాలేదు" అనేది కొలత కాదు. పరికరాలేమీ అక్కర్లేని కొలతలున్నాయి. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి, 15 సెకన్లు దాటితే కాళ్ల బలం తగ్గినట్టు అనుమానించాలి. ఇది యూరప్ నిపుణుల 2019 ప్రమాణం, ఆసియా నిపుణులు అదే ఏడాది ఇంకా కఠినంగా 12 సెకన్లు అన్నారు. నాలుగు మీటర్లు మామూలుగా నడవడానికి ఐదు సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే వేగం సెకనుకి 0.8 మీటర్లకి మించడం లేదన్నమాట, అదీ తక్కువే. ఈ రెండింటికీ నిలబడే నిలకడ కలిపి 12 మార్కులకి వేసే పరీక్ష ఒకటుంది, ఎస్‌పీపీబీ అంటారు. 1994 నుంచీ వాడుకలో ఉంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చునే పరీక్ష మరొకటి.

రోజువారీ పనుల కోసమైతే 1963 నాటి కాట్జ్ సూచిక: స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం, ఈ ఆరు. 1965 నాటి బార్తెల్ సూచికలో పది అంశాలు, 100 మార్కులు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇంటివాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి. బార్తెల్‌లో రాయాల్సింది మనిషి నిజంగా ఏం చేస్తున్నాడన్నది, ఏం చేయగలడన్నది కాదు. పైన చెప్పిన లేచి కూర్చునే పరీక్ష ఏం చేయగలడో చెబుతుంది. ఈ రెండింటి మధ్య తేడా చూడండి. కుర్చీలోంచి తనే లేవగల మనిషికి "మార్చడానికి ఇద్దరు కావాలి" అని రాసి ఉంటే, లోపం ఆయన కాళ్లలో లేదు, హోమ్ పద్ధతిలో ఉంది.

లెక్కలమాస్టారు

ఈ మాట నచ్చింది. అయితే ఒక సవరణ. ఐదుసార్లు లేవడం అనేది కేర్ హోమ్‌లో చాలామందికి మొదటి రోజే సున్నా. మొదట సున్నా, మూడు నెలలకీ సున్నా అని రాస్తే మెరుగేమీ లేదనుకుని మానేస్తారు. అలాంటివాళ్లకి వేరే లెక్క పెట్టుకోవాలి: ఎంత ఎత్తు సీటు నుంచి లేవగలుగుతున్నారు, చేతులు ఆనించి ఎన్నిసార్లు, పట్టుకుని ఎంతసేపు నిలబడగలుగుతున్నారు. ఇద్దరు పట్టుకుంటే లేచేవారు ఒక్కరి సాయంతో లేచారంటే అది పెద్ద అంకె. ఏ స్కోర్లోనూ కనపడకపోవచ్చు, సిబ్బంది నడుముకి మాత్రం తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ

మా నడుముల గురించి ఆలోచించిన మొదటి మనిషి మీరే మాస్టారూ 🙂

తెల్లకాగితం

మా అమ్మకి డిమెన్షియా. చెప్పింది ఒక్క నిమిషం గుర్తుండదు. ఇలాంటివాళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా, లేక వదిలేయడమేనా?

కండరబలం

వదిలేయొద్దు. ఫ్రాన్స్‌లో ఐదు నర్సింగ్ హోమ్‌లలో అల్జీమర్స్ ఉన్న 134 మందితో ఏడాదిపాటు చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. వారానికి రెండు గంటలు నడక, బలం, నిలకడ, ఒళ్లు సులువుగా వంగడం కోసం కసరత్తులు. రోజువారీ పనుల సామర్థ్యం రెండు గుంపుల్లోనూ తగ్గింది, కాని వ్యాయామం చేసినవాళ్లలో దాదాపు మూడో వంతు నెమ్మదిగా తగ్గింది. జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. బ్రిటన్‌లో డిమెన్షియా ఉన్నవాళ్లతో చేసిన పెద్ద ట్రయల్, 2018లో వచ్చింది, ఒంటి సత్తువ పెరిగింది కాని మతిమరుపు తగ్గలేదని తేల్చింది.

చేయించే తీరు మారాలి. "అమ్మా, లేచి నాలుగడుగులు వేసి ఆ కుర్చీలో కూర్చో" అంటే మూడు పనులు ఒకేసారి చెప్పినట్టు. ఎదురుగా నిలబడి, చేతులు చాచి, మనమే లేచి చూపించి, "లే అమ్మా" అంటే చాలు. రోజూ ఒకే చోట, ఒకే టైముకి, ఒకే మనిషి అయితే ఇంకా మంచిది.

నడుస్తున్నప్పుడు కబుర్లు చెప్పకండి. స్వీడన్‌లో 1997లో ఒక చిన్న పరిశీలన చేశారు. నడుస్తుండగా పలకరిస్తే మాట్లాడటానికి ఆగిపోయే పెద్దవాళ్లు, ఆగనివాళ్లకన్నా తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడిపోయారు. నడకకే బుర్రంతా పెట్టాల్సి వస్తోందని దాని అర్థం.

సముద్రఘోష

ప్రొటీన్ పౌడర్ ఇస్తే కండ పెరగదా? ఇక్కడ అందరూ అదే తెచ్చి ఇస్తున్నారు.

కండరబలం

పైన చెప్పిన 1994 అధ్యయనంలో ఒక గుంపుకి పోషక పానీయం ఒక్కటే ఇచ్చారు. బలం పెరగలేదు. వ్యాయామం లేకుండా పౌడర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అలాగని తిండి లేకుండా వ్యాయామమూ కుదరదు. పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలని 2013లో నిపుణుల బృందం ఒకటి చెప్పింది. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకి ఈ లెక్క వర్తించదు, డాక్టరు చెప్పిందే వినాలి. కట్టుడుపళ్లు వదులై నమల్లేకపోతున్నారేమో, మింగడం కష్టంగా ఉందేమో కూడా చూడండి.

పెద్దకోడలు

లేపేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయని మా అత్తగారు భయపడుతోంది. బలవంతం చేయొచ్చా?

రాత్రిడ్యూటీ

వద్దండీ. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి మరోసారి బీపీ చూడమని అడగండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకి చెప్పాలి, చాలాసార్లు మందు మారుస్తారు. లేవబోయే ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ఆ రోజుకి ఆపేయాలి.

నీలిగాలి

హోమ్ మేనేజర్‌తో, వాళ్ల ఫిజియోతో కూర్చున్నాం. "వయసు కదా" అనే మాటతో మొదలుపెట్టారు. నేను "నాన్నగారు ఎంత ఎత్తు నుంచి లేవగలరో ఒకసారి చూద్దామా?" అని అడిగాను. చేతులున్న ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కరి సాయంతో లేచారు! కాసేపు నిలబడి అలసిపోయి కూర్చున్నారు. ఫైల్లో మాత్రం ఇద్దరు కావాలనే ఉంది. అది మార్చారు. తుంటి మీద పూర్తి బరువు వేయొచ్చని సర్జన్ గారి చేత కాగితం మీద రాయించుకుని ఇచ్చాం. నడిపించేటప్పుడు పడే ప్రమాదం ఉందని మాకు తెలుసని, అయినా నడిపించమంటున్నామని మేమూ రాసిచ్చాం. అది చేతికి వచ్చాకే మేనేజర్ గారి మొహంలో టెన్షన్ తగ్గింది. వారానికి మూడు రోజులు కాళ్లకి బరువు కట్టి ఫిజియో చేయిస్తారు. భోజనం హాల్లోనే, లేచి కూర్చునే కసరత్తు అక్కడే.

ఒక్క విషయం తేలలేదు. రాత్రిపూట డయపర్ వేస్తున్నారు. నాన్నగారికి వచ్చేది తెలుస్తుంది, "అందులోనే కానివ్వండి" అంటున్నారట. దీనికేం చేయాలి?

గది12

అది వినడానికి ఎంత అవమానంగా ఉంటుందో మీకు తెలియదమ్మాయ్. దాన్ని వదిలిపెట్టకు.

రాత్రిడ్యూటీ

రాత్రి ఒక్కరమే ఉంటాం, అందుకే అలా అంటారు. తప్పే, కాదనను. ఒక మూడు రాత్రులు ఏ టైముకి వస్తోందో రాయించండి. చాలామందికి దాదాపు ఒకే వేళకి వస్తుంది. ఆ టైముకి పావుగంట ముందు లేపే పనిని డ్యూటీ చార్టులో ఎక్కించమనండి, నోటిమాటగా చెబితే షిఫ్టు మారగానే పోతుంది. మంచం ఎత్తు తగ్గించి, పక్కనే కమోడ్ కుర్చీ, అడుగున చిన్న లైటు పెట్టించండి. ఒంట్లో నీరు తీసే మాత్ర సాయంత్రం ఇస్తున్నారేమో చూసి, పొద్దుటికి మార్చవచ్చా అని డాక్టరుని అడగండి.

నీలిగాలి

ఆ మాత్ర సాయంత్రం ఆరింటికే ఇస్తున్నారండీ, ఇప్పుడే చార్టు చూశాను. రేపు డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.